రెండు వందల పన్నెండో పేజీ

మా పిన్ని నాలుగు వందల పైచిలుకు థీసిస్‌లు టైపు చేసింది. దాదాపు అన్నీ మనవాళ్లు ఇంగ్లీషులో రాసిన నవలల మీద రాసినవే. ఆ నవలల్లో ఒక్కటి కూడా ఆమె చదవలేదు. ఈ మాట నేను ఆమెను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆమే చెప్పుకుంటుంది, అదీ కాస్త గర్వంగా.

"వంద మంది వంద సార్లు కథ చెప్పాక ఇంకా పుస్తకం ఎందుకే? అన్నిట్లోనూ ఒకటే గోల. ఒకావిడ తన అస్తిత్వాన్ని వెతుక్కుంటూ ఉంటుంది. ఎక్కడ పారేసుకుంటారో ఏమో, ఐదో అధ్యాయం దాకా దొరకదు. ఒక్కోసారి ముగింపులోనూ దొరకదు. ఇంకా పరిశోధన జరగాలి అని రాసి చేతులు దులుపుకుంటారు."

విశ్వవిద్యాలయం వెనక గేటుకి ఎదురుగా ఇరుకు మెట్లెక్కి వెళితే రెండు గదులుంటాయి. ముందు గదిలో పిన్ని టైపు చేస్తుంది, లోపలి గదిలో బాబాయి బైండింగు చేస్తాడు. ఒకప్పుడు ఇద్దరివీ వేరువేరు దుకాణాలు. ఆమె టైపు చేసిన కాగితాలు ఆయన దగ్గరికి వెళ్లేవి. మార్జిను చాల్లేదని ఆయన వెనక్కి పంపేవాడు. ఆమె మెట్లు దిగి వెళ్లి దెబ్బలాడేది. అలా మూడేళ్లు దెబ్బలాడుకుని పెళ్లి చేసుకున్నారు. మార్జిను సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు.

తలుపు పక్కన ఒక బోర్డు ఉంది. థీసిస్ అట్టల మీద పేర్లు వేసే బంగారు రంగు అక్షరాలతో బాబాయే చేసిపెట్టాడు. "థీసిస్ టైపింగ్" అని ఒక వరస, "తప్పులుండవు" అని దాని కింద ఇంకో వరస. ఆ రెండో వరసంటే పిన్నికి ప్రాణం. పొద్దున్నే తాళం తీసేముందు చేతిరుమాలుతో దాని మీద దుమ్ము తుడుస్తుంది. మొదటి వరస తుడవగా నేను చూడలేదు.

నేను ఆమె అక్క కూతుర్ని. పరిశోధన కోసమని వచ్చి ఆరేళ్లు వాళ్లింట్లోనే తిష్ఠ వేశాను. ఆ ఇంటి మాటతీరే వేరు. ఒక పుస్తకాన్ని వెంటవెంటనే రెండోసారి ఉదహరిస్తే, ఫుట్‌నోటులో పేరు మళ్లీ రాయకుండా "ఐబిడ్" అని రాస్తారు. పైన చెప్పిందే అని అర్థం. ఇవాళ కూరేంటి అని బాబాయి అడిగితే పిన్ని "ఐబిడ్" అనేది. ఆయన మొహం మాడ్చుకుని పళ్లెం ముందు కూర్చునేవాడు. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను ఎప్పుడైనా గయ్యిమంటే ఆయన, "వాళ్లమ్మ ఐబిడ్" అని నవ్వేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇప్పుడంటే కంప్యూటర్లు గానీ, పిన్ని మొదలుపెట్టినప్పుడు టైపు మిషనే. మధ్యలో కార్బన్లు పెట్టి ఒక్క దెబ్బకు నాలుగు కాపీలు కొట్టేది. నాలుగో కాపీ చదవాలంటే కిటికీ దగ్గరికి వెళ్లాల్సిందే. అది గైడుకే ఇచ్చేవారట, ఆయన ఎలాగూ చదవడని. స్కాలర్లు ఏదో పుస్తకంలోంచి ఒక వాక్యం ఎత్తి రాసుకుంటారు, పేజీ నంబరు రాసుకోవడం మరిచిపోతారు. తర్వాత చూసి చెప్తాం, ఖాళీ వదిలెయ్యండి అంటారు. ఖాళీ అంటే పిన్నికి ఒళ్లు మంట. అది కంటికి ఆనదు, అలాగే బైండింగుకి పోతుంది. అందుకని ఆ చోట 212 అని కొట్టి, పక్కన మార్జినులో పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టేది. మూడంకెల చోటుంటే తర్వాత ఏ నంబరైనా అందులో ఇముడుతుంది. 212 ఎందుకంటే, అది ఆమె రోజూ ఎక్కే బస్సు నంబరు. స్కాలరు అసలు నంబరు తెచ్చాక నాలుగు కాపీల్లోనూ రబ్బరుతో గీకి, సరైన అంకెలు కొట్టి, ఇంటూ గుర్తు చెరిపేసేది. అది ఆమె పద్ధతి.

ఈ పద్ధతి నాకు ముందే తెలిసి ఉంటే నా జీవితంలో ఏడాదిన్నర మిగిలేది.

ఈ నవలల మీద తొలిరోజుల్లో విమర్శ రాసినవాళ్లలో ఒకాయన ఉన్నాడు. మా విభాగంలో ఆయన్ని పెద్ద విమర్శకుడు అంటారు. రాసింది ఒక్కటే పుస్తకం, అదీ పల్చటిది. అందులో ఒక వాక్యం ఉంది: "ఈ నవలల్లో మనుషులు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు, అలిగేది మాత్రం సొంత భాషలోనే." ఈ వాక్యం లేకుండా మా దగ్గర థీసిస్ అన్నది పుట్టదు. ఎవరిది తీసినా దాని కింద ఫుట్‌నోటులో పేజీ 212 అని ఉంటుంది. మా గైడు గారు ముప్పై రెండేళ్ల కిందట రాసిన థీసిస్‌లో 212. ఆ తర్వాత ఆయన వేసిన పుస్తకంలో 212. ఆయన దగ్గర చేసినవాళ్లవి, వాళ్ల దగ్గర చేసినవాళ్లవి, వేరే ఊళ్ల విశ్వవిద్యాలయాల్లో చేసినవాళ్లవి, అన్నిట్లోనూ అదే.

నేను చేసిన పొరపాటల్లా ఆ పుస్తకం తెరవడం. లైబ్రరీలో అన్నిటికంటే కింది అరలో గోడవైపు తిరిగి ఉంది. లోపలి కార్డు మీద చివరి తారీఖు నేను పుట్టక ముందుది. ఆ వాక్యం 84వ పేజీలో ఉంది. మొత్తం పుస్తకానికి ఉన్నవే 176 పేజీలు.

పరిగెత్తుకుంటూ గైడు గారి దగ్గరికి వెళ్లాను. మంచాయన, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "నువ్వు చూసింది మొదటి ముద్రణ అమ్మా. పెంచి రాసిన రెండో ముద్రణ ఒకటి ఉండి ఉంటుంది. లేకపోతే 212 ఎక్కణ్నుంచి వస్తుంది? ఎవరో ఒకరు చూసే రాసి ఉంటారు కదా!" అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మి అన్నాడు.

ఆయనొక్కడే కాదు. ఆ రెండో ముద్రణ మీద అప్పటికే మూడు వ్యాసాలు వచ్చాయి. ఒకాయన అది ఇప్పుడు చాలా అరుదు అని రాశాడు. ఒకావిడ దాన్ని చూసినవాళ్లను తాను చూశానని రాసింది. ఇంకొకాయన పెరిగిన ఆ ముప్పై ఆరు పేజీల్లో విమర్శకుడి ఆలోచన ఎలా పండిందో విడమరచి చెప్పాడు. నేను ఇరవై మూడు లైబ్రరీలకు ఉత్తరాలు రాశాను. ఎక్కడా లేదు. మూతపడిన ప్రచురణ సంస్థ పాత జాబితాలు ఒకరి అటక మీంచి దింపించి, తుమ్ముకుంటూ వెతికాను. పుస్తకం ఒక్కసారే అచ్చయింది. ఇంకేముంది, రెండో ముద్రణ అనేదే లేదని నాలుగో అధ్యాయమంతా రాసిపారేశాను.

ఆ అధ్యాయం టైపు చేస్తున్నన్ని రోజులూ పిన్ని మనిషిలా లేదు. మామూలుగా అయితే టైపు చేస్తూనే స్కాలర్లను ఉతికి ఆరేస్తుంది. ఆ వారం నోరు మెదపలేదు. ఒకే వరస రెండుసార్లు కొట్టేసింది. ఆమె చేతిలో అలా జరగడం నేనెప్పుడూ చూడలేదు. అడిగితే కళ్లజోడు మార్చాలంది. చివరికి నా వైపు చూడకుండానే, "ఈ అధ్యాయం అంత అవసరమా అమ్మడూ? తీసేస్తే పుస్తకం కాస్త తేలికవుతుంది కదా" అంది. నేను యథాప్రకారం గయ్యిమన్నాను.

థీసిస్ సమర్పించిన మూడు నెలలకు బయటి పరీక్షకురాలి నివేదిక వచ్చింది. ఆవిడ పేరు చెబితే స్కాలర్లకు కాళ్లలో వణుకు. అన్ని అధ్యాయాలూ బాగున్నాయంది. నాలుగో దాని గురించి మాత్రం ఒకే ప్రశ్న వేసింది. రెండో ముద్రణ లేకపోతే ఇంతమంది ఉదహరించిన 212వ పేజీ ఎక్కణ్నుంచి వచ్చింది? దీనికి వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఆధారంతో జవాబు చెప్పాలి. లేదంటే ఆ అధ్యాయం తీసేసి, థీసిస్ తిరగరాసి మళ్లీ సమర్పించాలి. అంటే తక్కువలో తక్కువ ఇంకో ఏడాది.

మధ్యాహ్నం ఆ కాగితం తీసుకొచ్చి పిన్ని ముందు పడేశాను. ఆమె రెండుసార్లు చదివింది. కంప్యూటరు ఆపేసింది. లోపలి గదిలో జిగురు కలుపుతున్న బాబాయిని కూడా పిలిచి కూర్చోబెట్టింది.

"ఆ 212 నాదేనే" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పింది. మా గైడు గారు అప్పుడు స్కాలరు. సమర్పించాల్సిన ఆఖరి రోజు పొద్దున పది గంటలకు చివరి అధ్యాయం తెచ్చాడు. ఆ వాక్యానికి పేజీ నంబరు లేదు. సాయంత్రం లోపల తెస్తానని వెళ్లాడు. పిన్ని 212 కొట్టి, ఇంటూ గుర్తు పెట్టి ఎదురుచూసింది. ఈలోగా బైండింగుకి ఆలస్యమవుతోందని బాబాయి వచ్చి కాగితాలు పట్టుకుపోయాడు.

"మార్జినులో ఏదో పెన్సిలు గీత కనబడింది" అన్నాడు బాబాయి, తప్పు చేసినవాడిలా గోళ్లకంటిన జిగురు గీక్కుంటూ. "మార్జిను శుభ్రంగా ఉండాలి కదా. తుడిచేశా."

"చూశావా మీ బాబాయి మార్జిన్లు!" అంది పిన్ని. ఆ స్థితిలోనూ ఆ దెబ్బలాట వదల్లేదు.

మరుసటి ఏడాది ఇంకొక స్కాలరు వచ్చాడు. అదే వాక్యం. పక్కన అతని సొంత దస్తూరీలో 212.

"నా చెయ్యి ఆగిపోయిందే. అడుగుదామనుకున్నా. కానీ అతని మొహం చూస్తే పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాసినవాడిలా ఉన్నాడు. నిజంగానే 212 ఏమో, నా అదృష్టం బాగుండి సరిపోయిందేమో అనుకున్నా. తర్వాత మూడో అతను, నాలుగో ఆవిడ. పదో మనిషి వచ్చేసరికి నాకే నమ్మకం కుదిరిపోయింది. ఇంతమంది చదువుకున్నవాళ్లు రాస్తుంటే అది బస్సు నంబరెలా అవుతుంది?"

"నా నాలుగో అధ్యాయం టైపు చేసినప్పుడైనా చెప్పొచ్చు కదా పిన్నీ!"

"ఆ బోర్డు పెట్టుకుని ఎలా చెప్పనే? పైగా సార్ పరువు. ఆయన పంపబట్టే కదా ఇన్నేళ్లూ ఇంతమంది ఈ మెట్లెక్కారు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నాడు. నీకు చెప్పాను, చాలు. ఎక్కడా అననని మాటివ్వు."

నాకు ఒళ్లు భగ్గుమంది. ఇరవై మూడు ఉత్తరాలు, అటక మీది దుమ్ము, ఏడాదిన్నర, అన్నీ ఒక బస్సు నంబరు కోసం! మాటివ్వలేదు సరికదా, మూడు రోజులు ఆమెతో మాట్లాడడం మానేశాను. పెద్ద విమర్శకుడు చెప్పినట్టు సొంత భాషలోనే అలిగాను. ఇద్దరి మధ్యా నలిగిపోయిన బాబాయి, "పోనీ ఇంగ్లీషులోనైనా మాట్లాడుకోండర్రా" అని బతిమాలాడు.

నాలుగో రోజు పొద్దున నేను వెనకాలే మెట్లెక్కుతున్నాను. పిన్ని తాళం తీసింది. బోర్డు వైపు చూసింది. తుడవకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ బోర్డును ఆమె తుడవకుండా వదిలిన రోజును నేనెరగను. వెళ్లి పక్కన కూర్చుని, "ఎవరికీ చెప్పనులే" అన్నాను. ఆమె నా నెత్తి మీద ఒక్కటిచ్చి పనిలో పడింది.

వైవా అంటే మా దగ్గర ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. విభాగం హాల్లో పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్లలో సగం మంది టీ కోసం వచ్చినవాళ్లు. వెనక వరసలో తలుపు పక్క కుర్చీల్లో ఇస్త్రీ బట్టలు వేసుకుని పిన్నీ బాబాయీ కూర్చున్నారు. నాలుగు వందల థీసిస్‌లు చేతుల మీదుగా పంపినవాళ్లు ఒక్క వైవాకీ వచ్చింది లేదు. నేను తడబడితే ధైర్యం చెప్పడానికే వచ్చారనుకున్నాను.

గంటసేపు బాగానే నడిచింది. తర్వాత పరీక్షకురాలు నాలుగో అధ్యాయం దగ్గర వేలు పెట్టి, "రెండో ముద్రణ లేదంటావు. మరి 212 ఎక్కణ్నుంచి వచ్చింది?" అంది.

జవాబు నాలుక చివర ఉంది. వెనక వరస వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడ్డాను. "ముద్రణ ఒక్కటే మేడమ్. 212కి మాత్రం ఆధారం చూపలేను" అన్నాను.

"చూపలేవా, లేదా?"

"చూపలేను" అన్నాను మళ్లీ. గైడు గారు విచారంగా తలాడించాడు. ఆవిడ పెన్ను మూత తీసి, ఫారం దగ్గరికి లాక్కుంది. నా ఏడాది నా కళ్లముందే పోతోందని తెలిసింది. సరిగ్గా అప్పుడు వెనక కుర్చీ కిర్రుమంది.

"అది బస్సు నంబరండీ" అంది పిన్ని.

హాలంతా వెనక్కి తిరిగింది. పిన్ని లేచి నిలబడి ఉంది. చేతిరుమాలు పిండి పిండి దారాలు లాగుతోంది. ఖాళీల గురించి, ఇంటూ గుర్తు గురించి, 212 బస్సు గురించి వివరంగా చెప్పింది. ఎవరి థీసిస్‌లో మొదలైందో మాత్రం చెప్పలేదు. "తప్పు నాది. పిల్లకి తెలుసు. నేనే చెప్పొద్దన్నాను. దాని ఏడాది పాడు చెయ్యకండి" అంది.

బాబాయి కూడా లేచాడు. "పెన్సిలు గుర్తు తుడిచింది నేనండీ" అన్నాడు, తన వాటా తనకు రావాల్సిందే అన్నట్టు.

గైడు గారి మొహంలో రంగులు మారాయి. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నెమ్మదిగా అన్నాడు, "సాయంత్రం లోపల తెస్తానన్నాను కదమ్మా."

"అన్నారు సార్."

"తేలేదు. ఆ వాక్యం నా స్నేహితుడి నోట్సులోంచి రాసుకున్నా. పుస్తకం... పుస్తకం నేను ఇంతవరకూ చూడలేదు."

పరీక్షకురాలు పెన్ను పక్కన పెట్టి పిన్నిని అడిగింది. "ఈ వాక్యం ఉన్న థీసిస్‌లు మీరెన్ని టైపు చేసి ఉంటారు?"

"నూట ముప్పై ఏడండీ." పిన్ని తడుముకోలేదు. ఇన్నేళ్లూ ఆమె వాటిని లెక్కపెడుతూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఒక్కొక్కటీ ఆమెకు ఎంత గుచ్చుకుని ఉంటుందో అనిపించి నాలో మిగిలిన కోపం కూడా కరిగిపోయింది.

"వాళ్లలో పుస్తకం తెరిచి చూసినవాళ్లు?"

"ఇదొక్కతే" అంది పిన్ని, నా వైపు చెయ్యి చూపించి.

ఆవిడ నా థీసిస్ మూసింది. కిటికీలోంచి బయటికి చూసింది. పెదవులు బిగబట్టింది గానీ లాభం లేకపోయింది, నవ్వు తన్నుకొచ్చింది. "నూట ముప్పై ఎనిమిది అని రాసుకోండి. నాదీ 212యే" అంది.

ఆ తర్వాత హాల్లో నవ్వనివాళ్లు లేరు. అందరికంటే గట్టిగా నవ్వింది గైడు గారే. ముప్పై రెండేళ్ల బరువు దిగిందేమో, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నాకు డిగ్రీ ఇచ్చేశారు. ఒకే ఒక్క సవరణ కోరారు. 212 ఎక్కణ్నుంచి వచ్చిందో, ఎవరు చెప్పారో పేరుతో సహా ఫుట్‌నోటులో రాయాలి.

మర్నాడు పొద్దున పిన్ని బోర్డు ఊడబీకుతానంది. బాబాయి మేకుకి అడ్డం నిలబడి, "ఉన్న ఒక్క తప్పూ దొరికిపోయిందిగా, ఇప్పుడే అది నిజమైంది" అన్నాడు. ఆమె మూతి తిప్పింది గానీ చేతిరుమాలు తీసింది. ఆ రోజు రెండు వరసలూ తుడిచింది.

లోపల కూర్చుని నేను చెబుతుంటే టైపు చేసింది. తన పేరు వచ్చేసరికి వేళ్లు ఆగాయి. వేలకు వేల ఫుట్‌నోట్లు కొట్టిన మనిషి, తన పేరుకి అక్షరం అక్షరం చూసి కొట్టింది. ఆ కింది ఫుట్‌నోటు కూడా ఆమె చెప్పిన సంగతే. "ఐబిడ్" అన్నాను.

"అంటే నేనేనా?" అంది, మొహం ఇంత చేసుకుని.

"నువ్వే. తర్వాతది కొట్టు. ఆ వాక్యం ఉన్న పేజీ 84."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "పుస్తకం చూపించు."

"నేను చూశాను కదా పిన్నీ!"

"నువ్వు చూశావు, నేను చూడలేదు. చూడకుండా ఇంక ఒక్క నంబరు కూడా కొట్టను."

సంచిలోంచి తీసిచ్చాను. 84వ పేజీ తెరిచి, వాక్యం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. "నిజమేనే! మొన్న మూడు రోజులు నువ్వు చేసిందదే" అని నవ్వింది. నంబరు కొడుతుందేమోనని చూశాను. ఆమె కొట్టలేదు. వాక్యం ఏ నవల గురించి రాశాడో చూడటానికి వెనక పేజీకి వెళ్లింది, మళ్లీ ముందుకొచ్చింది, 85 తిప్పింది, 86 తిప్పింది.

"ఈ నవల మీ లైబ్రరీలో ఉందా?" అని అడిగింది, తల ఎత్తకుండానే.

లోపలి గదిలోంచి బాబాయి కేకేశాడు. "జిగురు ఆరిపోతోంది, ఆ కాగితం ఇటిస్తారా లేదా?"

"ఉండండి, చదువుతున్నాను" అంది పిన్ని.